కుర్చీ ఎవరికి? పాదపీఠము ఎవరికి?

(ఈ నెల వేదపాఠము)

చదువవలసిన భాగములు: యాకోబు 2:1–9, ద్వితీయోపదేశకాండము 1:16, 17, అపొస్తలుల కార్యములు 16:16–40, 22:24–29.



మన ప్రాంతపు పల్లెలనుండి పట్టణమునకు పోవు బస్సులు ఉప్పల్ రింగురోడ్డు వద్ద ఆగుట మీరందరు ఎరుగుదురు. అక్కడ దిగి, బియ్యపు మూట భుజమున వేసికొని నాచారము ప్రక్కకు పోవు యౌవనస్థులలో మన సంఘపు బిడ్డలును కలరు. ఉప్పల్, నాచారము ఒకనాడు మన గ్రామములవంటి గ్రామములే. నేడు నాచారమున పారిశ్రామికవాడయు, కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రియు కలవు. ఉప్పల్‌లో పెద్ద క్రికెట్టు మైదానము కలదు. 2017 నుండి మెట్రో రైలు నడుచుచున్నది. ఆ వీధులలో ధనవంతుడు కారులో పోవును; టిఫిను డబ్బా పట్టుకొని షిఫ్టు పనివాడు నడచి పోవును. ఇద్దరికిని చట్టము ఒక్కటే. ఆపద వచ్చిన దినమున ఇద్దరును ఎక్కవలసిన ఠాణా మెట్లును ఒక్కటే.

తన కుమారుని నాచారమునకు పనికి పంపుచున్న ఒక తల్లి ప్రార్థన చేయించుకొనుటకు మా ఇంటికి వచ్చెను. ప్రార్థన ముగిసిన తరువాత ఆమె మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, ఆడ మావోనికి ఎవ్వరు లేరు. ఏదన్న అయ్యి పోలీసోళ్లు పట్టుకపోతే మా అసొంటోళ్ల మాట ఎవరింటరు?" మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. ఆ తల్లికి చెప్పవలసిన ఉత్తరమును వాక్యమునందు వెదకుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. మందిరములోనికి వచ్చిన ఇద్దరు

యాకోబు భక్తుడు మన కన్నులయెదుట ఒక చిత్రమును ఉంచుచున్నాడు. ఇద్దరు మనుష్యులు లోపలికి వచ్చిరి. ఒకని వ్రేలికి బంగారపు ఉంగరము, ఒంటిపై ప్రశస్తమైన బట్టలు. రెండవవాడు మాసిన బట్టల బీదవాడు. మొదటివానికి మంచి స్థలము చూపబడెను. రెండవవానికి నిలుచుండుటయో, పాదపీఠము క్రింద కూర్చుండుటయో మిగిలెను. ఇద్దరును ఇంకను నోరు తెరువలేదు. తమ పని ఏమో చెప్పలేదు. అయినను తీర్పు జరిగిపోయినది! బట్టలే సాక్షులు; కన్నులే న్యాయాధిపతులు.

ఇది జరిగినది ఏ కచేరిలోనో కాదు, విశ్వాసుల సమాజములోనే. కాబట్టి ఠాణాను గూర్చి మాటలాడుటకు ముందు మనలను మనము పరీక్షించుకొనవలెను. ఇక్కడ మా తప్పిదమును ఒకటి ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘపెద్ద ఒకరి పొలములో మోటారు దొంగిలింపబడెను. ఆయనతో కూడ మేము ఒక ఠాణాకు వెళ్లితిమి. మా తెల్లని బట్టలను, చేతిలోని బైబిలును చూచి, అక్కడివారు "పాస్టరుగారా, రండి, కూర్చోండి" అని కుర్చీ వేసిరి. టీ తెప్పించిరి. రైటరు మా ఫిర్యాదును వెంటనే వ్రాసికొనెను. తలుపు ప్రక్కను గోడనానుకొని ఒక స్త్రీ చంటిబిడ్డతో నిలుచుండెను. మేము బయటికి వచ్చుచుండగా ఆమె మెల్లగా, "పొద్దటిసంది నిలబడ్డనయ్యా, జర నా సంగతి గుడ చెప్పరాదుండ్రి" అనెను. మేము "చెప్పుదుములే అమ్మా" అని దాటిపోతిమి. చెప్పలేదు. ఇంటికి వచ్చి, ప్రభువు నేడు కృప చూపెనని స్తోత్రము కూడ చెల్లించితిమి.

ఆ వారమే కుటుంబ ప్రార్థనలో యాకోబు రెండవ అధ్యాయము మా వంతునకు వచ్చెను. చదువుచుండగా మా స్వరము ఆగిపోయెను. మాకు కుర్చీ వేసినవారు పక్షపాతము చూపినమాట నిజమే. అయితే ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు? ఆ స్త్రీ పేరు మాకు నేటికిని తెలియదు.

2. మోషే ఆజ్ఞయు, మన దేశపు చట్టమును

మోషే న్యాయాధిపతులను నియమించినప్పుడు వారికి చెప్పిన మాటలను ద్వితీయోపదేశకాండము 1:16, 17లో చదువుడి. స్వదేశస్థుడైనను పరదేశియైనను, అల్పుడైనను ఘనుడైనను, అందరి మాటయు ఒకే రీతిగా వినవలెను. ఏ మనుష్యుని ముఖమునకును భయపడరాదు. దీనికి మోషే చెప్పిన కారణము గొప్పది. తీర్పు దేవునిది. కాబట్టి పక్షపాతముతో తీర్పు తీర్చువాడు తనది కాని వస్తువును అమ్ముకొనువాడు.

లేవీయకాండము 19:15 దీనికి మరియొకటి చేర్చుచున్నది. గొప్పవాని ముఖము చూడరాదు. బీదవాడని జాలిపడియు న్యాయమును వంచరాదు. ఇది మనము మరచిపోవు మాట. మనము కోరవలసినది మన జనులకు ప్రత్యేకమైన కనికరము కాదు, అందరికిని ఒకే తూనికరాయి.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 14వ అధికరణములో, చట్టము ఎదుట సమానత్వమును ఏ వ్యక్తికిని నిరాకరింపకూడదని రాజ్యమునకు ఆజ్ఞాపించుచున్నది. అక్కడ పౌరులకు మాత్రమే అని లేదు. వ్యక్తి అనియే ఉన్నది. మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు అను కారణములచేత పౌరులయెడల భేదము చూపరాదని 15వ అధికరణము చెప్పుచున్నది. పట్టబడినవానికి కారణము తెలుపవలెననియు, తనకు ఇష్టమైన వకీలును సంప్రదించుకొననియ్యవలెననియు, ప్రయాణకాలము గాక 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టవలెననియు 22వ అధికరణము విధించుచున్నది.

దీని విలువ తెలియుటకు పౌలు దినములను జ్ఞాపకము చేసికొనుడి. యెరూషలేములో అతనిని కొరడాలతో కొట్టుటకు కట్టుచుండగా, తాను రోమా పౌరుడనని అతడు తెలిపెను. వెంటనే సహస్రాధిపతి భయపడెను; కొట్టవచ్చినవారు తొలగిపోయిరి. ఆ అధికారి తన పౌరసత్వమును గొప్ప మొత్తమిచ్చి కొనుక్కొన్నవాడు. పౌలునకు అది పుట్టుకచేత కలిగినది. ఆ హక్కు లేని దాసుడో, కూలివాడో ఆ స్థలమందుండిన యెడల కొరడా ఆగెడిది కాదు. రోమా చట్టము కొందరికి మాత్రమే కవచము. మన దేశమునందో, పౌలును కాపాడిన ఆ కవచము నాచారము పోవు కూలి బిడ్డకును పుట్టుకతోనే ఇయ్యబడియున్నది. అయితే ఆ సంగతి వానికి తెలియదు. అతనిని పట్టినవానికి ఒక్కొక్కప్పుడు జ్ఞాపకముండదు.

3. వ్రాయబడినదియు జరిగినదియు

ఉప్పల్‌నుండి పడమటగా రామంతాపురము, అంబరుపేటల మీదుగా పోయిన యెడల నల్లకుంట వచ్చును. 1978 మార్చిలో రమీజాబీ అను బీద ముస్లిము స్త్రీని అక్కడి ఠాణాకు తీసికొనిపోయిరి. పోలీసులు ఆమెను చెరిచిరని ఆరోపణ వచ్చెను. ఆమె భర్త అహ్మద్ హుసేను దెబ్బలకు మరణించెను. హైదరాబాదు నగరము అట్టుడికిపోయెను. అల్లరులలోను కాల్పులలోను ప్రాణములు పోయెను. ప్రభుత్వము నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషను విచారించి పోలీసులదే అపరాధమని తేల్చెను. కాని తరువాత కర్ణాటకలోని రాయచూరులో జరిగిన కోర్టు విచారణలో వారు నిర్దోషులుగా విడువబడిరి. ఆమె పలికినది సత్యమా అని విచారించుటకు ముందు, ఆమె ఎటువంటి స్త్రీ అని లోకము విచారించెను. ఇది యాకోబు చెప్పిన మాసిన బట్టల తీర్పే.

రెండవ సంగతి మనకు మరింత సమీపమైనది. 2021 జూన్ 18న యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో మరియమ్మ అను దళిత స్త్రీ మరణించెను. ఆ ఠాణా అప్పుడు ఉప్పల్, నాచారము ఠాణాలతో పాటు ఒకే రాచకొండ కమిషనరేటు క్రింద నుండెను. ఆమె ఖమ్మము జిల్లాకు చెందినది. ఒక చర్చి ఫాదరు గారి ఇంట వంటపని చేయుచుండెను. ఆ ఇంట సొమ్ము పోయినదన్న ఫిర్యాదుమీద పోలీసులు ఆమెను, ఆమె కుమారుని పట్టుకొనిపోయిరి. కుమారుడును దెబ్బలు తినెను. హైకోర్టు ఆజ్ఞచేత ఆమె దేహమునకు మరల శవపరీక్ష జరిగెను. ఎస్.ఐ.యు ఇద్దరు కానిస్టేబుళ్లును మొదట సస్పెండు చేయబడి, పిమ్మట ఉద్యోగమునుండి తొలగింపబడిరి. ప్రభుత్వము కుటుంబమునకు పరిహారము ప్రకటించెను. కాని బిడ్డలకు తల్లి తిరిగి రాలేదు.

ప్రియులారా, ఈ సంగతిని చదివినప్పుడు పోలీసులను మాత్రము నిందించి ఊరకుండుట మాకు సాధ్యము కాలేదు. ఫిర్యాదు బయలుదేరినది ఒక చర్చి ఇంటినుండి. సొమ్ము పోయినవాడు ఫిర్యాదు చేయుట తప్పు కాదు. అది అతని హక్కు. అయితే ఫిర్యాదు వ్రాయించిన తరువాత, మన మాటచేత పట్టబడిన ఆ బీదమనిషి ఏ స్థితిలోనున్నదో చూచు బాధ్యత మనకు లేదా? మన మాటకు ఠాణాలో బరువు ఎక్కువ అని మనకు తెలియును. ఆ బరువు ఎవరి వీపుమీద పడుచున్నదో కూడ తెలిసికొనవలెను.

ఫిలిప్పీలోను ఇట్లే జరిగెను. పౌలు సీలలమీద ఫిర్యాదు చేసినవారు ఒక దాసిచేత లాభము సంపాదించుచుండిన యజమానులు. తమ ఆదాయము పోయెనను కోపమును దాచి, వీరు యూదులు, మన పట్టణమును కలవరపెట్టువారు అని చెప్పిరి. న్యాయాధిపతులు ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు; బట్టలు లాగివేయించి బెత్తములతో కొట్టించిరి. డబ్బుగలవాని ఫిర్యాదు, పరాయివాడన్న ముద్ర, విచారణ లేని దెబ్బలు: ఈ మూడును ఒకచోట కలిసిన ప్రతి దినమున ఫిలిప్పీ మరల జరుగుచున్నది.

మరునాడు న్యాయాధిపతులు వారిని రహస్యముగా పంపివేయజూచినప్పుడు పౌలు ఒప్పుకొనలేదు. బహిరంగముగా అవమానించినవారు తామే వచ్చి బయటికి తీసికొనిపోవలెననెను. అది పగ కాదు. తాను వెళ్లిపోయిన తరువాత ఆ పట్టణములో లూదియ, చెరసాల నాయకుడు మొదలైనవారి చిన్న సంఘము మిగిలియుండును. వారిమీద మరల అట్టి చెయ్యి లేవకుండుటకే పౌలు చట్టమును అడిగెనని మేము తలంచుచున్నాము. కాబట్టి చట్టమును అడుగుట అవిశ్వాసము కాదు, తరువాతివారికొరకైన ప్రేమ.

4. మనకు పనికివచ్చు కొన్ని సంగతులు

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు వద్ద ఒక పశువైద్యురాలు కనబడకపోయినప్పుడు, ఆమె ఇంటివారిని ఇది మా హద్దు కాదని ఒక ఠాణానుండి మరియొక ఠాణాకు త్రిప్పిరి. ముగ్గురు పోలీసులు ఆ కారణముచేత సస్పెండు చేయబడిరి. ఆ ఆలస్యపు వేదనను గుర్తుంచుకొని క్రింది సంగతులను నేర్చుకొనుడి; చదువురానివారికి చదివి వినిపించుడి.

మొదటిది: 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, పోలీసులు నేరుగా విచారింపదగిన నేరమును గూర్చిన సమాచారమును ఏ ఠాణాలోనైనను ఇయ్యవచ్చును. నేరము తమ హద్దులో జరుగలేదని త్రిప్పి పంపరాదు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. నోటితో చెప్పిన యెడల వారు వ్రాసికొని చదివి వినిపింపవలెను. నకలు ఉచితముగా ఇయ్యవలెను. ఇట్టి నేరములలో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయుట తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో తీర్పు చెప్పియున్నది.

రెండవది: ఠాణాలో వ్రాసికొననియెడల ఆ సంగతిని వ్రాసి పోలీసు పై అధికారికి తపాలాలో పంపవచ్చును. అక్కడను వినకపోయినయెడల మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

మూడవది: పట్టుకొనిపోయినప్పుడు ఆ సంగతి ఇంటివారికో స్నేహితునికో తెలుపవలెను. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఈ కట్టుబాట్లను విధించెను. తప్పనిసరి పరిస్థితిలో, మహిళా అధికారిచేత, మేజిస్ట్రేటు అనుమతితో తప్ప స్త్రీని సూర్యాస్తమయమునకు సూర్యోదయమునకు మధ్య పట్టుకొనరాదు. సాక్ష్యపు విచారణకు స్త్రీలను, 15 ఏండ్లలోపు బాలురను, 60 ఏండ్లు దాటిన పురుషులను ఠాణాకు రమ్మని బలవంతము చేయరాదు. వారి ఇంటనే విచారింపవలెను.

నాలుగవది: స్త్రీలకును, షెడ్యూల్డు కులముల తెగలవారికిని, నిర్బంధములోనున్నవారికిని ఉచిత న్యాయసహాయము కలదు. అది 1987 నాటి చట్టము ఇచ్చిన హక్కు. 15100 అను నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును.

5. నేరారోపణ పొందినవాడును మనుష్యుడే

పైన చెప్పిన పశువైద్యురాలి హత్య మన హృదయములను చీల్చినది. పట్టబడిన నలుగురు 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో చంపబడిరి. జనులు పోలీసులమీద పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022 మేలో బయటికి వచ్చెను. వారిని చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, నలుగురిలో ముగ్గురు మైనరులనియు, పదిమంది పోలీసులను హత్యానేరము క్రింద విచారింపవలెననియు అందులో చెప్పబడెను.

ఆ డిసెంబరు ఆదివారమున మేము ప్రసంగపీఠముమీద నిలుచుండియు ఒక్క మాటయు చెప్పలేదు. జనులు ఏమనుకొందురోయని భయపడితిమి. కుమార్తెను పోగొట్టుకొనిన ఇంటికి న్యాయము జరుగవలెను. అందు సందేహము లేదు. కాని అదే ఆరోపణ ఒక మంత్రి కుమారునిమీద వచ్చినయెడల తెల్లవారుజామున అతనిని ఆ పొలములోనికి తీసికొనిపోయెడివారా? ఈ ఒక్క ప్రశ్నకు నిజముగా ఉత్తరము చెప్పుకొనినచో, మనము చప్పట్లు కొట్టినది న్యాయమునకో, పక్షపాతమునకో తేటపడును. నేరస్థునికి విచారణ లేదని ఒప్పుకొనిన దినమున, నిరపరాధియైన మన బిడ్డకును విచారణ లేదని ఒప్పుకొనినట్లే.

6. ఖాకీ బట్టలలోని సహోదరులు

మన సంఘములలో కానిస్టేబుళ్లు, హోంగార్డులు కలరు. వారిని శత్రువులుగా చూడరాదు. రోమా 13:3, 4లో అధికారి దేవుని పరిచారకుడని పిలువబడెను. అతడు భయము పుట్టింపవలసినది చెడ్డకార్యమునకు గాని బీదతనమునకు కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను తనయొద్దకు వచ్చిన సైనికులను ఉద్యోగము విడువుమని చెప్పలేదు. ఎవనిని బాధింపక, అబద్ధపు నింద వేయక, జీతముతో తృప్తిపడవలెనని చెప్పెను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు మారుమనస్సు పొందిన రాత్రి చేసిన మొదటి పని ఏమి? ఖైదీల గాయములను కడుగుట. ఖాకీ ధరించిన సహోదరుడా, నీ ఠాణాలో నిలుచున్న బీదవానికి ఒక కుర్చీ చూపుట నీకు దేవుని సేవయే.

ముగింపు

మరల ఒకసారి మేము ఒక సంఘస్థుని పనిమీద ఠాణాకు పోవలసివచ్చెను. ఎప్పటివలెనే కుర్చీ వేసిరి. బల్లమీద ముగ్గురు కూలివారు మాకంటె ముందునుండి కూర్చుండియుండిరి. మేము, "వీరు మాకంటె ముందు వచ్చిరి. మొదట వీరి మాట వినుడి, మేము ఇక్కడ కూర్చుందుము" అని అదే బల్లమీద కూర్చుంటిమి. రైటరు మావైపు వింతగా చూచెను. కొంతసేపటికి కాగితము తీసెను. మా పని ఆ దినమున కాలేదు. మరునాడు మరల పోవలసివచ్చెను. మాతో వచ్చిన సంఘస్థుడు త్రోవపొడవున, "ఇందుకేనా అయ్యగారూ మిమ్మును తోలుకొచ్చింది?" అని విసుగుకొనెను. ఆయన విసుగు న్యాయమే. ఆయనకు ఒక దినపు కూలి పోయినది. అయినను పైరవీచేత దొరకిన వేగము మరియొకని వంతును దొంగిలించుటయే అని ఆయనకు చెప్పితిమి.

ఇప్పుడు ఆ తల్లికి మా ఉత్తరము ఇది: అమ్మా, నీ బిడ్డ మాట వినవలెనని చట్టము చెప్పుచున్నది, దేవుడు చెప్పుచున్నాడు. వినని దినమున నీవు ఒంటరిగా ఠాణా మెట్లు ఎక్కవు. మేము నీతో వత్తుము. కుర్చీకొరకు రాము, నీ ప్రక్కను నిలుచుండుటకు వత్తుము.

సంఘములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సమాజములో ఎవరికి కుర్చీ, ఎవరికి చాప? ఎందుచేత?
2. మన ఫిర్యాదుచేత పట్టబడినవానియెడల మనకు గల బాధ్యత ఏమి?
3. పౌలు ఫిలిప్పీలో చట్టమును అడుగుటకును, మనము పైరవీ చేయుటకును భేదమేమి?
4. మన గ్రామమున ఎవరైనను పట్టబడినచో వెంట పోవుటకు సంఘములో ఏ ఇద్దరిని ఏర్పరచుకొందుము?

ప్రార్థన

పక్షపాతము లేని తండ్రీ, మాకు కుర్చీ దొరకినప్పుడు నిలుచున్నవానిని మరచిన మా పాపమును క్షమించుము. ఠాణాలలో పనిచేయువారికి నీ భయమును, దయగల హృదయమును దయచేయుము. దూరపట్టణమునకు పోయిన మా బిడ్డలను కాపాడుము. విచారణ లేకయే దెబ్బలు తిని, మాకొరకు నిలుచున్న నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.